మెషీన్ నేర్చుకుంటే చేతిపనికి ద్రోహం చేసినట్టా?

ప్రశ్న: డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. ఎనిమిదేళ్లుగా చేత్తో ఎంబ్రాయిడరీ, లేసు అల్లిక చేస్తున్నాను. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ కోర్సు చేస్తానంటే నాకు పని నేర్పిన మేడమ్ ‘మీట నొక్కితే వచ్చేది కళ కాదు’ అంటున్నారు. తోటివాళ్లదీ అదే మాట. చేరాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ మేడమ్ బాధలో న్యాయం ఉంది. ఒక్క ఆకు నింపడానికి సాయంత్రమంతా కూర్చున్న మనిషి, మెషీన్ మీద నిమిషాల్లో వచ్చిన ఆకును ఎవరో ‘హ్యాండ్ వర్క్’ అని అమ్ముతుంటే చూసి ఎలా ఊరుకుంటారు? ఆ కోపం మెషీన్ మీద కన్నా ఆ అబద్ధం మీదే ఎక్కువ.

నిజానికి ఈ తగువు పాతదే. జోసువే హైల్మన్ ఎంబ్రాయిడరీ మెషీన్ తయారుచేసింది 1828లో. స్విట్జర్లాండ్‌లో ఇసాక్ గ్రోబ్లి షిఫ్లీ అనే మరో ఎంబ్రాయిడరీ మెషీన్ తెచ్చింది 1863లో. తర్వాత అలాంటి మెషీన్ల మీద లేసు కూడా తీశారు. బట్ట మీద కుట్టి, ఆ బట్టను రసాయనంతో పోగొట్టేవారు. ఇప్పుడు నీళ్లలో కరిగే ఫిల్మ్ వాడుతున్నారు.

మీ ఎనిమిదేళ్ల పని అక్కరకొచ్చేది ఇక్కడే. ఫిల్మ్ కరిగాక లేసును నిలబెట్టేది దారమొక్కటే. కుట్లు ఒకదాన్నొకటి పట్టుకునేలా డిజిటైజింగ్ (డిజైన్‌ను కంప్యూటర్‌లో మెషీన్ చదివే కుట్లుగా మార్చడం) చేయకపోతే నీళ్లలోంచి చేతికొచ్చేది చిక్కుపడిన దారం. రేకు చివర కుట్టు ఎటు తిరగాలి, ఎంత ఒత్తుగా పడాలి, బట్ట ఎంత ముడుచుకుంటుంది... ఇవన్నీ మనిషి చూసుకోవాల్సినవే. అంతా ‘ఆటో’కి వదిలేస్తే పువ్వు తరచూ అట్టముక్కలా బిగుసుకుపోతుంది. సూది పట్టిన వేళ్లకు అది తాకగానే తెలుస్తుంది.

కాబట్టి చేరండి. అయితే మెషీన్ నడపడం దగ్గరే ఆగిపోయే కోర్సు వద్దు. డిజైన్‌ను కుట్టు కుట్టుగా డిజిటైజ్ చేయడం నేర్పుతారా అని ముందే అడగండి. చేతిపని మాత్రం మానకండి. బాబిన్ లేసులో, అంటే చిన్న కండెలకు దారం చుట్టి చేత్తో అల్లే లేసులో, దారాల జతలను మెలితిప్పి దాటించే అల్లికను ఎంబ్రాయిడరీ మెషీన్ చేయలేదు, చూడ్డానికి అలా కనిపించేలా మాత్రమే కుడుతుంది.

పోర్ట్‌ఫోలియోలో ప్రతి నమూనా కింద ‘చేత్తో’ అనో ‘మెషీన్ మీద’ అనో రాయండి. రెండూ కలిపితే ఏ భాగం ఏదో కూడా రాయండి. మొదటి మెషీన్ నమూనా మేడమ్‌కే చూపించండి. వెనక్కి తిప్పి, మెషీన్ అడుగు నుంచి వేసే బాబిన్ దారం కనిపించేలా. ఆమె మెచ్చుకోకపోవచ్చు. అయినా వెళ్లడం మానకండి. ఏ రేకు ఎక్కడ బిగుసుకుందో ఆమె అంత బాగా చెప్పేవాళ్లు కోర్సులో దొరకడం కష్టం.