కూంబింగ్‌కూ దువ్వెనకూ సంబంధం ఉందా?

ఉంది, కర్నూలు, కడప వైపు నల్లమల వార్తల్లో కనిపించే ‘కూంబింగ్’కు మూలం దువ్వెనే. ఇంగ్లీషులో దువ్వెననూ దువ్వడాన్నీ ‘కోమ్’ అంటారు. ఆఖరి ‘బి’ పలకదు. స్పెల్లింగులోని ఆ ‘బి’ని మనం పలికేసి కూంబింగ్ చేసుకున్నాం. ఇప్పుడిక అదే తెలుగు మాట!

అడవిలో పోలీసులు దువ్వెన పళ్లలా పక్కపక్కనే వరుసకట్టి, పొదా బండా వదలకుండా వెతుకుతూ ముందుకు కదులుతారు. పేలు తీసే ఈరుపెన గుర్తుంది కదా, పళ్లు ఎంత దగ్గరగా ఉంటే అంత బాగా దొరుకుతాయి. ఇదీ అంతే.

చాలామంది కూంబింగ్ అంటే కాల్పులనుకుంటారు. కాదు, వెతకడమే. తప్పిపోయిన మనిషి కోసమూ చేయొచ్చు. మన మాటలో జల్లెడ పట్టడం.