నల్లగొండలో రియర్ వీల్ డ్రైవ్ స్పోర్ట్స్ కార్ రోజూ నడపొచ్చా?
నడపొచ్చు బ్రో, కాకపోతే రోడ్డు చూసి కాలు పెట్టాలె. బీఎండబ్ల్యూ జెడ్4 ఎం40ఐ తీస్కుంటే 340 హార్స్‌పవర్ మొత్తం వెనక రెండు టైర్లకే పోతది, ముందు టైర్లకు బండిని మలుపుడే పని, స్టీరింగ్ అంత మంచిగ ఉండేది అందుకే, నార్కట్‌పల్లి దగ్గర 65 హైవే ఎక్కినంక తెలుస్తది. కానీ కోతలప్పుడు ఊర్ల రోడ్ల మీద వడ్లు ఆరబోస్తరు గదా, మలుపుల ఆ గింజల మీద యాక్సిలరేటర్ తొక్కితే వెనక భాగం పక్కకు జారుతది, జారిందంటే సడెన్ బ్రేక్ వద్దు, కాలు మెల్లగ తీసి జారే దిక్కే స్టీరింగ్ తిప్పాలె. టైర్లు పట్టు తప్పి ఊకె తిరగకుంట చూసే ట్రాక్షన్ కంట్రోల్ అస్సలు ఆపొద్దు. తొలకరి వానలకూ గిదే. స్పీడ్ బ్రేకర్లు మెల్లగ, ఏటవాలుగ ఎక్కించు. ముందు వెనక టైర్ల సైజు వేరు, మార్చి వేస్కునుడు కుదరది, వెనకయి జల్ది అరుగుతయి, ఆ ఖర్చు ముందే లెక్కేస్కో.