మన వీధి ఆటలు రాసిపెట్టాలనుకుంటున్న పాపకు

చిరంజీవి పాపకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. వేసవి సెలవులకు కడప వచ్చి, నేనూ మీ అమ్మా పెరిగిన వీధిలో ఒకప్పటి పిల్లలు ఆడిన ఆటలన్నీ రాసిపెడతానన్నావు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమన్నావు. చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. బడి ఉద్యోగం ముగిసినప్పటి నుంచి నేను తీరిక దొరికినప్పుడల్లా చేస్తున్న పని ఇదే. అందుకని నాకు తెలిసినదంతా రాస్తున్నాను. ఉత్తరం పొడుగైతే ఓపికగా చదువు.

ఎవరి ఇంటికి వెళ్ళినా "చిన్నప్పుడు మీరు ఏమేం ఆటలు ఆడేవారు?" అని మాత్రం అడగవద్దు. అలా అడిగితే గోలీలు, బొంగరాలు, దాగుడుమూతలు అని నాలుగు పేర్లు చెప్పి, ఆ రోజులే వేరమ్మా అని నిట్టూర్చి, కాఫీ ఇచ్చి పంపిస్తారు. పేర్లు అందరికీ తెలుసు. మనకు కావలసింది ఆట. అది పెద్దవాళ్ళ చేతుల్లో ఉంటుంది, కాళ్ళలో ఉంటుంది. నోటితో చెప్పమంటే చాలామందికి చేతకాదు.

కాబట్టి సంచిలో గుప్పెడు చింతపిక్కలు, ఐదు గచ్చకాయలు, రెండు సుద్దముక్కలు వేసుకుని వెళ్ళు. వాళ్ళ ముందు పెట్టి కాసేపు ఊరుకో. మా వీధి చివరి ఇంట్లో ఒక అవ్వ ఉండేది. ఏమీ గుర్తు లేదు, వయసైపోయింది అని చేతులు ఊపేసింది. నేను వామనగుంటల పీట ఆమె ముందుకు జరిపి, గుంటకు ఐదేసి చొప్పున పిక్కలు పోశాను. అటు 7, ఇటు 7, మొత్తం 14 గుంటలు. ఆమె నాతో ఇంకేదో మాట్లాడుతూనే తన వైపు గుంటలోని పిక్కలు తీసి, ఒక్కొక్కటే పంచుకుంటూ పోయింది. చేతిలోవి అయిపోగానే తరవాతి గుంటలోవి ఎత్తుకుంది. ఒకచోట పిక్కలు అయిపోయేసరికి తరవాతి గుంట ఖాళీగా ఉంది. ఆ ఖాళీ గుంటను నాలుగు వేళ్ళతో ఒక్కసారి తుడిచి, దాని పక్క గుంటలోవి మొత్తం ఒడిలో వేసుకుంది. ఆ తుడుపు ఆటలో ఒక నియమమని ఆమెను అడిగితే చెప్పగలిగేది కాదు. చెయ్యే చెప్పింది. అలాంటివి కనిపించినప్పుడు కలం ఆపి చూడు. ఇంటికి వెళ్ళాక రాసుకోవచ్చు.

గచ్చకాయలైతే ఇంకా మేలు. అచ్చనగాయలాటకు గులకరాళ్ళు కూడా సరిపోతాయి కానీ, గచ్చకాయ చేతికి తగిలితే ఆడవాళ్ళ ముఖాలే మారిపోతాయి. ఒకటి ఎగరేసి, అది పడేలోగా నేల మీది నాలుగింటినీ ముందు ఒక్కొక్కటిగా, తరవాత రెండేసి, ఆ తరవాత మూడూ ఒకటీ, చివరికి నాలుగూ ఒకేసారి ఏరడం దాకా ఎవరైనా చెబుతారు. ఆ తరవాత వచ్చే మెలికలు ఇంటింటికీ వేరు. వాటిని వదలవద్దు. ఇంకొక్క సంగతి. గచ్చకాయను బండ మీద గట్టిగా రుద్ది, వేడెక్కగానే పక్కదాని చేతికి అంటించి పరుగెత్తడం కూడా ఆటే. అది ఏ పుస్తకంలోనూ ఆటగా లెక్కకు రాదు. నువ్వు లెక్కలోకి తీసుకో.

ఇక మనుషుల దగ్గర కూర్చునే ముందే వీధి పటం గీసుకోవాలి. ఇప్పటి వీధి కాదు, అప్పటిది. ఎవరి ఇంటికి అరుగు ఉండేది, వేపచెట్టు ఎక్కడ, కొళాయి ఎక్కడ, గుడి మండపం ఎటువైపు, బుగ్గవంక వాగుకు దారి ఏ సందులోంచి అనేవి వేసుకో. ఎందుకంటే ప్రతి ఆటకూ దాని చోటు ఉండేది. మన ఊళ్ళో అరుగులన్నీ కడప బండలే కదా. ఆ నల్లటి నున్నటి బండ మీద సుద్దతో గీస్తే గీత తెల్లగా తేలుతుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. పులిమేకకూ, తొక్కుడుబిళ్ళకూ అంతకన్నా ఏం కావాలి? మట్టి వీధిలో గోలీలు, బొంగరాలు. ఎండిన వంక ఇసుకలో చెడుగుడు, ఎందుకంటే పడినా దెబ్బ తగలదు. ఆడి అలసిపోయాక అదే ఇసుకలో చేతులతో చెలమ తవ్వి, నీళ్ళు ఊరేదాకా చుట్టూ కూర్చునేవాళ్ళం. మొదటి నీళ్ళు మురికిగా ఉంటాయి, వాటిని తోడి పారబోయాలి. తరవాత ఊరినవి తాగేవాళ్ళం. చెలమ తవ్వడం నీ పుస్తకంలో తప్పకుండా ఉండాలి.

పటం చేతిలో ఉంటే ఇంకో ఉపయోగం ఉంది. ఆటలు ఎందుకు పోయాయో తెలుస్తుంది. అందరూ ఫోన్ల మీదికి తోసేస్తారు. తొందరపడి ఆ మాట రాయవద్దు. మా వీధిలో పిల్లల చేతికి ఫోను రాకముందే సిమెంటు రోడ్డు వచ్చింది. గోలీకి చిన్న గుంట కావాలి, సిమెంటులో గుంట ఎక్కడ తవ్వుతారు? మురుగుకాలువలు వెడల్పు చేసినప్పుడు అరుగులు పోయాయి. ఆ తరవాత ఇంటింటికీ మోటారు సైకిలు వచ్చి వీధికి రెండు పక్కలా నిలబడింది. నా మట్టుకు నేను పిల్లలను తప్పుపట్టను. చోటు పోతే ఆట పోయింది. నువ్వు నీ కళ్ళతో చూసి, నీకు తోచింది రాయి.

ఆటను రాసేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా రాయాలి. జట్లు ఎలా కట్టారో రాయకుండా ఆట మధ్యలోకి దూకితే చదివినవాళ్ళు ఆడలేరు. పంటలు వేసేవాళ్ళమా? ముగ్గురు చేతులు కలిపి ఊపి, అరచేయి పైకో కిందికో వేసి, వేరుగా వేసినవాళ్ళు పండినట్టు. చివరికి పండకుండా మిగిలినవాళ్ళు దొంగ. పెద్ద ఆటలకైతే ఉద్దులు. ఇద్దరు సమానమైనవాళ్ళు భుజాల మీద చేతులు వేసుకుని దూరంగా వెళ్ళి, గుసగుసగా చెరొక పేరు పెట్టుకుని వచ్చి, చింతాకు కావాలా, వేపాకు కావాలా అని నాయకులను అడిగేవాళ్ళు. నాయకుడు ఏ ఆకు కోరితే ఆ పిల్ల ఆ జట్టు. ఎవరినీ ఆఖరున మిగిల్చి చిన్నబుచ్చకుండా జట్లు పంచే ఈ పద్ధతిని నేను బడిలో ఎన్నో ఏళ్ళు వాడాను. ఇంతకన్నా మంచిది నాకు కనిపించలేదు.

పులిమేకకు మాటలు చాలవు, గీసి చూపించు. పైన ఒక మొన. అక్కడి నుంచి కిందికి నాలుగు గీతలు. వాటిని కోస్తూ మూడు అడ్డగీతలు, ఒక్కోదాని మీద చివరలతో కలిపి ఆరేసి కూడళ్ళు. అడ్డగీతల చివరలను రెండు పక్కలా నిలువుగా కలపాలి. అన్నిటికన్నా అడుగున ఉన్న గీత మీద నాలుగు. మొత్తం 23 కూడళ్ళు. పులులు 3, మేకలు 15. మేకలన్నీ బల్ల మీదికి వచ్చేదాకా ఏ మేకా కదలకూడదు. పులి మాత్రం తన వంతు వచ్చినప్పుడల్లా కదులుతుంది. పక్కనున్న మేక మీదుగా ఖాళీ కూడలిలోకి దూకితే ఆ మేక చచ్చినట్టు. ఎన్ని మేకలు చస్తే పులి గెలిచినట్టు అన్న దగ్గర మాత్రం మీ అమ్మా నేనూ ఈనాటికీ వాదించుకుంటాం. ఇద్దరమూ ఒకే అరుగు మీద నేర్చుకున్నవాళ్ళమే! తగాదా వచ్చిన చోట నువ్వు తీర్పు చెప్పవద్దు. పై వీధివాళ్ళు ఇలా, కింది వీధివాళ్ళు అలా అని రెండూ రాసెయ్యి. తొండి ఎలా చేసేవాళ్ళో, తొండి చేస్తే ఏం శిక్షో, తూచ్ అంటే ఎంతసేపు ఆగాలో కూడా అడుగు. నియమం ఎక్కడ బలంగా ఉండేదో తగాదాలోనే తెలుస్తుంది.

రాసిపెట్టడం ఎందుకని మీ ఇంట్లో ఎవరైనా అంటే చెడుగుడు సంగతి చెప్పు. మన వంక ఇసుకలో ఆడిన ఆటకు చుట్టాలైన ఆటలు దేశమంతటా ఉన్నాయి. వాటిలో కబడ్డీకి కొలతలు, నియమాలు కాగితం మీదికి ఎక్కాయి. జట్టుకు 7 మంది, కూతకు 30 సెకన్లు అని కుదిరింది. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకం ఇచ్చే ఆట అయింది. సంతోషమే. కానీ మన వీధిలో కూతకు సెకన్లు లేవు, ఊపిరి ఉన్నంతసేపూ కూతే. ఒక్కొక్కరిది ఒక్కో కూత పాట. ఆ కూతలు ఎవరూ రాయలేదు కాబట్టి నాతోటివాళ్ళ నోళ్ళలో మాత్రమే మిగిలాయి. ముందు వాటిని పట్టుకో. అర్థం లేని మాటలు వస్తాయి, వాటిని సరిదిద్దవద్దు. విన్నది విన్నట్టు రాయి, ఫోనులో రికార్డు చేసుకో. అనుమతి అడిగి, మాట కాస్త సాగాక ఫోను పక్కన పెట్టు. ముఖానికి ఎదురుగా పెడితే గొంతు బిగుసుకుపోతుంది.

మన ఊళ్ళో ఉన్నావు కాబట్టి ఒక పూట సి.పి. బ్రౌన్ దొర పేరిట ఉన్న గ్రంథాలయానికి కూడా వెళ్ళు. ఆయన 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు, తరవాత ఇక్కడ బంగళా కొని, పండితులను పెట్టుకుని తెలుగు పుస్తకాల పని చేయించాడు. ఆ బంగళా ఉన్న స్థలంలోనే గ్రంథాలయం కట్టారు. 1852 నాటి ఆయన తెలుగు నిఘంటువు తిరగేస్తే ఆటల మాటలు కూడా అక్కడక్కడా తగులుతాయి. కానీ పుస్తకం తరవాత, మనుషులు ముందు. పుస్తకం పది రోజులు ఆగినా ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. మాట బాగా కలిశాక అడుగు: ఆట ఎప్పుడు మానేశారు? మగవాళ్ళు దీనికి ఆలోచించి చెబుతారు. ఆడవాళ్ళు వెంటనే చెబుతారు, నెల కూడా చెబుతారు. పెద్దమనిషి అయిన రోజు నుంచి గడప దాటలేదని, ఆ సాయంత్రం స్నేహితురాళ్ళు బయట తన పేరు పెట్టి పిలుస్తుంటే లోపలి నుంచి విన్నానని ఒకావిడ నాతో చెప్పింది. కొందరికి అసలు ఆటే లేదు. తమ్ముణ్ణో చెల్లెల్నో చంకనేసుకుని గోడవార నిలబడి చూసినవాళ్ళు ఎంతమందో. వాళ్ళను కూడా అడుగు, ఆటను వాళ్ళు ఆడినవాళ్ళకన్నా బాగా చూశారు. చంకన ఉన్న పసివాణ్ణి దించి ఆటలో అరటిపండుగా చేర్చుకున్న రోజులూ ఉన్నాయి, అవీ రాయి.

ఊరి చివర పేటల పిల్లలు మన వీధిలోకి ఆడడానికి వచ్చేవారు కాదు. రానిచ్చేవారు కాదు అనడం సరైన మాట. వంక ఇసుకలో మాత్రం కొన్నిసార్లు కలిసేవాళ్ళం, ఇంట్లో తెలిస్తే తిట్లు పడేవి. మన జ్ఞాపకాలు తీపిగా ఉన్నాయని ఈ సంగతి దాచవద్దు. ఆ పేటలకు వెళ్ళి, వాళ్ళ ఆటలు వాళ్ళను అడిగి వేరుగా రాయి. మన వీధి వెనక ముస్లింల ఇళ్ళకూ వెళ్ళు. గాలిపటాలు, గోలీలు వాళ్ళ పిల్లలతోనే ఆడాం. ఆటలో సగం మాటలు ఉర్దూవే, ఎవరివి ఎవరివని అప్పుడు మాకు తోచనే లేదు. అక్కడి పెద్దవాళ్ళకు నా పేరు చెప్పు, కూర్చోబెట్టి మాట్లాడతారు.

మీ అమ్మను మాత్రం మొదటే అడగవద్దు. నీకు చిన్నప్పుడు చెప్పిన కథలే మళ్ళీ చెబుతుంది. పదిమందిని విన్న తరవాత అడుగు. అప్పుడు నీ ప్రశ్నలు వేరుగా ఉంటాయి, ఆమె జవాబులు కూడా.

ఒక ఆట రాయడం పూర్తయిందని నీకు అనిపించగానే వీధి పిల్లలను నలుగురిని పిలిచి, నీ పుస్తకం చూసి మాత్రమే వాళ్ళతో ఆడించు. నువ్వు నోరు విప్పవద్దు. ఎక్కడ ఆగిపోయి "ఇప్పుడేం చెయ్యాలి అక్కా?" అని అడుగుతారో అక్కడ నువ్వు రాయడం మరిచావన్నమాట. మళ్ళీ పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళి అడుగు. పోటీలు పెట్టడం, బహుమతులు ఇవ్వడం మాత్రం వద్దు. బహుమతి వస్తే ఆరితేరినవాళ్ళు ఇద్దరే ఆడతారు, మిగతావాళ్ళు చూస్తూ కూర్చుంటారు.

మే నెలలో మన ఊరి ఎండ నీకు తెలుసు కదా, 40 డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నాలు ఇంట్లో కూర్చుని ఆడే ఆటలకు పెట్టుకో, అప్పట్లో మేము చేసింది కూడా అదే. పెద్దవాళ్ళు భోజనం చేసి పడుకునే వేళ ఎవరి తలుపూ కొట్టవద్దు. పొద్దు వాలాక వీధి ఆటలు చూసుకుందాం. గచ్చకాయలు నా దగ్గర ఉన్నాయి, పీట అటక మీద నుంచి దింపిస్తాను. నువ్వు గళ్ళ నోటు పుస్తకాలు రెండు తెచ్చుకో, పటాలు గీయడానికి అవే అనువు. ఏ రోజు బయలుదేరుతున్నావో ముందుగా రాస్తే, వీధిలో ఇద్దరు ముగ్గురికి చెప్పి ఉంచుతాను. వాళ్ళలో ఒకరు ఎండలు ముదిరితే కొడుకు దగ్గరికి వెళ్ళిపోతారు, కాబట్టి వీలైతే సెలవుల మొదటి వారంలోనే రా.

ఇట్లు,
మీ పెద్దమ్మ
కడప