దేశం గురించి దిగులు, సొంత కంపెనీ మీద ధీమా: వ్యాపారులు ఇలా ఎందుకు చెబుతారు?

దేశ ఆర్థిక పరిస్థితి బాగాలేదనే యజమానులే తమ కంపెనీకి ఢోకా లేదని సర్వేల్లో ఎలా చెబుతారని అడిగారు. చీమకుర్తిలో మాకు చిన్న గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ ఫ్యాక్టరీ ఉంది. ఆ రెండు మాటలూ నేనూ చెప్పినవే, రెండూ నమ్మి చెప్పినవే.

నా ఆర్డర్లు నా కళ్లెదుట ఉంటాయి. సరుకు కొనే ఏ పార్టీ టైముకి డబ్బు వేస్తుందో, ఏది సాగదీస్తుందో తెలుసు. ఎగుమతి తగ్గితే లోకల్‌గా అమ్మే గ్రానైట్ స్లాబులకు (పలకలకు) మళ్లొచ్చు, ఒక షిఫ్టు ఆపొచ్చు. దేశం విషయంలో నా చేతిలో ఏముంది? 2017 జులైలో జీఎస్టీ వచ్చి గ్రానైట్ స్లాబుల మీద 28 శాతం పడింది, నవంబరులో 18కి దించారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లింది. అప్పుడు మాతోపాటు నెల్లూరు రొయ్యల రైతులకూ నిద్ర లేకుండా పోయింది. ఇలాంటివి చూశాక దేశం గురించి అడిగితే నోట్లోంచి భయమే వస్తుంది.

ఇంకో సంగతి పెద్దగా ఎవరూ మాట్లాడరు. దేశం బాగాలేదంటే అన్నవాడికి నష్టం లేదు. 'మా ఫ్యాక్టరీ బాగాలేదు' అన్న మాట పొక్కిందా, క్వారీ వాళ్లు అరువు మీద రాతి బ్లాకులు ఇవ్వరు, సీసీ లిమిట్ (రోజువారీ ఖర్చులకు బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు) రెన్యూవల్ దగ్గర బ్యాంకులో ప్రశ్నలు పెరుగుతాయి, మంచి మేస్త్రీలు పక్క ఫ్యాక్టరీ వైపు చూస్తారు. అందుకే ధైర్యంగా మాట్లాడటం అలవాటైపోతుంది. అది అబద్ధం కాదు, ఆ ధైర్యం లేకపోతే ఈ వ్యాపారంలో నిలబడలేం.

కాబట్టి ఇలాంటి సర్వేలు చదివేటప్పుడు ఒకటి గమనించండి. ఆర్బీఐ మూడు నెలలకోసారి తయారీ కంపెనీలను వాటి సొంత ఆర్డర్లు, ఉత్పత్తి గురించి అడుగుతుంది. మెరుగవుతుందన్న వాళ్ల శాతంలోంచి తగ్గుతుందన్న వాళ్ల శాతం తీసేసి చూపిస్తుంది. మా ధీమా ఎప్పుడూ కొంత కలిసే ఉంటుంది కనుక, ఆ అంకె సున్నాకి పైన ఉండటం నాకు పెద్ద విషయంగా కనిపించదు. పోయినసారి కంటే ఎటు కదిలిందన్నదే చూస్తాను.

అంతకంటే గట్టి ఆధారం యజమాని పెట్టే ఖర్చు. మాకు తెలిసిన ఒకాయన ఆర్డర్లకు కొదవ లేదంటూనే, సుంకాల గొడవ మొదలవగానే కొత్త పాలిషింగ్ మిషన్ కొనడం వాయిదా వేసుకున్నాడు. మీకు తెలిసిన వ్యాపారి ఎవరైనా ఉంటే, ఈ ఏడు మిషన్‌కి గానీ షెడ్డుకి గానీ అడ్వాన్సు ఇచ్చారా అని అడిగి చూడండి.