లెక్కలు రానివారు సుడోకు నింపగలరా?

లెక్కలంటే భయం ఉన్నవారు సుడోకు అనే అంకెల గళ్ళ ఆటను నింపగలరా, నింపగలిగితే ఎక్కడ మొదలుపెట్టాలి అని మీరు అడిగారు. తప్పకుండా నింపగలరు, ఎందుకంటే అందులో లెక్కే లేదు. ఈ సంగతి నాకు ఒడిశాలోని పర్లాకిమిడిలో మా పక్కింటి పెద్దాయన వల్ల తెలిసింది. ఆయన ఒడియావారు; మేము మౌసా అని పిలుస్తాము.

అప్పట్లో నేను తెలుగు పత్రికలోని సుడోకును గుణుపురం రైలులో పెన్నుతో నింపుతూ, ప్రతి వరుస మొత్తం 45 వచ్చిందా అని కూడి చూసేవాణ్ణి. ఒకటి నుంచి తొమ్మిది వరకు కూడితే 45 రావడం నిజమే గాని, 4, 6లకు బదులు రెండు 5లు పడినా అంతే వస్తుంది. మౌసా అదే సుడోకును ఒడియా అంకెలతో వేరే కాగితం మీదికి ఎక్కించుకొని, ఒక్క కూడిక చేయకుండా నాకన్నా ముందే ముగించారు. నిజానికి అంకెల స్థానంలో నవధాన్యాలు పెట్టినా ఈ ఆట మారదు.

మొత్తం 81 గళ్ళు. ప్రతి అడ్డు వరుసలోను, ప్రతి నిలువు వరుసలోను, తొమ్మిదేసి గళ్ళున్న ప్రతి చిన్న చదరంలోను 1 నుంచి 9 వరకు ఒక్కొక్క అంకె ఒక్కసారే రావాలి. ఇది 1979లో అమెరికాలో ‘నంబర్ ప్లేస్’ పేరుతో అచ్చయింది. 1984లో జపాన్‌లోని నికోలి సంస్థ దీనిని తీసుకొని, అంకెలు ఒంటరిగానే ఉండాలి అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. ఆ పొడవైన పేరే కురచై సుడోకు అయింది. ఆ ‘ఒంటరి’ అనే జపాను మాటకు పెళ్ళికాని మనిషి అని కూడా అర్థం ఉందట. నియమం గుర్తుండిపోవడానికి అది చాలు.

ఖాళీ గడిని చూసి ఇక్కడ ఏది వస్తుంది అని కాకుండా, ఇక్కడ ఏవి రాకూడదు అని అడగండి. ఒక అడ్డు వరుసలో 3, 5, 8 మాత్రమే మిగిలాయనుకుందాం. ఒక ఖాళీ గడి ఉన్న నిలువు వరుసలో 3, దాని చదరంలో 8 ఇప్పటికే ఉంటే అక్కడ 5 తప్ప మరొకటి పట్టదు. రెండో దారి అంకెను వెంబడించడం. పై మూడు చదరాలలో ఎడమదానికి మొదటి వరుసలో 7, నడిమిదానికి రెండో వరుసలో 7 ఉంటే, కుడి చదరంలో 7 మూడో వరుసలోనే పడాలి. అక్కడి మూడు గళ్ళలో రెండు నిండి ఉంటే దాని చోటు తేలిపోయినట్టే. పత్రికలలో వచ్చే తేలిక సుడోకులు చాలావరకు ఈ రెండింటితోనే తెగుతాయి.

ఊహించి వేయడమే నాకు పట్టిన పెద్ద జబ్బు. సరిగా కూర్చిన సుడోకుకు ఒకే జవాబు ఉంటుంది. దానికి కనీసం 17 అంకెలైనా ముందే ఇవ్వాలని డబ్లిన్‌లోని గణితవేత్తలు 2012లో కంప్యూటర్ల సాయంతో తేల్చారు. అయితే ఎక్కువ అంకెలు ఇచ్చినంత మాత్రాన అది తేలికదని అనుకోకండి. 30 అంకెలున్నా నన్ను ఏడిపించినవి ఉన్నాయి. అలాంటప్పుడు రెండు మూడు అవకాశాలున్న గళ్ళలో వాటిని మూలన సన్నగా పెన్సిలుతో రాసుకోండి. ఒకే చదరంలోని రెండు గళ్ళలో 2, 6 మాత్రమే పట్టేటట్టు ఉంటే, ఆ చదరంలోని మిగతా గళ్ళ నుంచి 2ను, 6ను ధైర్యంగా కొట్టివేయవచ్చు. పెన్ను మాత్రం జేబులోనే ఉంచండి. నేను దిద్దిన కాగితాలను మౌసా కనీసం పకోడీలు కట్టడానికైనా పనికిరావనేవారు.