కెర్నెల్ మారినప్పుడల్లా డ్రైవర్ ఆగిపోతోంది

ప్రశ్న: నా డ్రాయింగ్ టాబ్లెట్ కోసం లినక్స్ డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రాం) రాసి, సోర్స్ అందరికీ ఇచ్చాను. లినక్స్‌కి గుండెలాంటి కెర్నెల్ కొత్తది వచ్చినప్పుడల్లా ఆ డ్రైవర్ కంపైల్ కావడం లేదు. వాడేవాళ్లు అడుగుతుంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: తప్పు మీది కాదు. కెర్నెల్ లోపలి ఫంక్షన్లు మారవని ఎవరూ హామీ ఇవ్వరు. అందుకే డ్రైవర్‌ని కెర్నెల్ సోర్స్‌లోకే పంపండి. అక్కడ చేరాక, ఫంక్షన్ మార్చేవాళ్లే మీ ఫైల్‌నీ సరిచేస్తారు. మీరు పంపిన మొదటి ప్యాచ్‌ని (కోడ్ మార్పుని) కెర్నెల్ చూసుకునేవాళ్లు వెనక్కి పంపితే నొచ్చుకోకండి, నాదీ వెనక్కి వచ్చింది.

అయితే అసలు డ్రైవర్ అవసరమా అన్నది ముందు చూడండి. నా టాబ్లెట్‌లో పెన్ను కాస్త నొక్కగానే గీత పూర్తి లావుకి వచ్చేసేది. రెండు రాత్రులు కోడంతా వెతికాను. చివరికి, పరికరం పంపే డేటాని రికార్డు చేసే హిడ్-రికార్డర్‌తో చూస్తే, ఒత్తిడి గరిష్ఠం 2047 అని డిస్క్రిప్టర్‌లో (పరికరం తన గురించి ఇచ్చే వివరాల్లో) చెప్పుకున్న పరికరం 8191 దాకా పంపిస్తోంది. మార్చాల్సింది ఆ డిస్క్రిప్టర్‌లో ఒక్క బైటు! ఇలాంటివాటికి 2023లో వచ్చిన 6.3 కెర్నెల్ నుంచి హెచ్‌ఐడీ-బీపీఎఫ్ ఉంది, అంటే ఇలాంటి పరికరాల డిస్క్రిప్టర్‌నీ డేటానీ చిన్న ప్రోగ్రాంతో సరిచేసే సదుపాయం. ఆ ప్రోగ్రాం లోడ్ చేస్తే చాలు, కెర్నెల్‌ని మళ్లీ బిల్డ్ చేయక్కర్లేదు.

అన్ని మోడళ్లూ మీ చేతిలో ఉండవు కదా. ఫిర్యాదు చేసినవాళ్లని పెన్ను వంచుతూ, ప్రతి బటనూ నొక్కుతూ హిడ్-రికార్డర్‌తో రికార్డు చేసి పంపమనండి. ఆ ఫైళ్లు జాగ్రత్తగా దాచుకోండి, ప్రతి మార్పునీ వాటి మీదే పరీక్షించవచ్చు.