న్యాయ సలహా: మహజరుకని తీసుకెళ్లి కాల్చేస్తే?

ప్రశ్న: 'మహజరుకు (ఘటనాస్థలంలో పంచనామాకు) తీసుకెళ్తే నిందితుడు మచ్చుకత్తితో తిరగబడ్డాడు, ఆత్మరక్షణకు కాల్చాం' అని బెంగళూరు పేపర్లలో తరచూ చదువుతుంటాం. కాలి మీద కాలిస్తే సరే, ప్రాణం పోతే? పోలీసులకు చంపే హక్కుందా? ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కె.ఆర్.పురం

జవాబు: అలాంటి ప్రత్యేక హక్కేదీ లేదు. ఎవడైనా కత్తి ఎత్తితే మీకెంత ఆత్మరక్షణ హక్కు ఉంటుందో ఎస్సైకీ అంతే. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఖాకీ చొక్కాకంటూ వేరే కొలత పెట్టలేదు. ఆత్మరక్షణ అన్నవాళ్లే దాన్ని కోర్టులో రుజువు చేసుకోవాలి.

హైదరాబాద్ దగ్గర చటాన్‌పల్లిలో 2019 డిసెంబరు 6న దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడూ ఇదే మాట చెప్పారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ మాత్రం చంపాలనే కాల్చారని తేల్చి, 10 మంది పోలీసులను విచారించాలంది.

'కాలి మీదే కదా' అనుకోవద్దు. పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో, పోలీసు ఎన్‌కౌంటర్లపై 2014 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు తీవ్ర గాయానికీ వర్తిస్తాయి. గాయపడ్డవాడికి వైద్యం చేయించాలి, మెజిస్ట్రేటో డాక్టరో వాంగ్మూలం తీసుకోవాలి.

ప్రాణం పోతే మొదట చూడాల్సింది ఎఫ్ఐఆర్. చాలాసార్లు చనిపోయినవాడి మీదే హత్యాయత్నం కేసు పెట్టి, 'నిందితుడు మరణించాడు' అని ఫైలు మూసేస్తారు. ఆ చావు మీద దర్యాప్తు జరుగుతోందా అని కాపీ తీసుకుని చూడండి. ఆ దర్యాప్తు సీఐడీయో వేరే స్టేషన్ బృందమో చేయాలి, కాల్చిన స్టేషన్‌వాళ్లు కాదు. మెజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి. కుటుంబానికి వీలైనంతవరకు కబురు పెట్టి, హాజరు కానివ్వాలి.

అసలు సాక్ష్యం శవం దగ్గరే ఉంటుంది, అదీ ఒకటి రెండు రోజులే. పోస్టుమార్టం ఇద్దరు డాక్టర్లు చేయాలి, వీడియో తీయాలి. తుపాకీ బాగా దగ్గర నుంచి పేలితే గాయం చుట్టూ మసి, సన్నటి తుపాకీ మందు చుక్కలు పడతాయి. బట్టల మీద పేలితే ఆ మసి బట్టకే అంటుకుంటుంది. అందుకే ఒంటి మీది బట్టల్ని ఉతక్కుండా, పారేయకుండా ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపమని మెజిస్ట్రేటుకు రాతపూర్వకంగా అడగండి. గుండు ఎటునుంచి దూరిందో రిపోర్టులో రాయించాలి. ఎదురుతిరిగాడన్నవాడికి వీపులో గాయం ఉంటే జవాబు వాళ్లే చెప్పుకోవాలి. అనుమానముంటే తొందరపడి దహనం చేయొద్దు. రీపోస్టుమార్టం కావాలంటే హైకోర్టు ఆదేశించగలదు. చటాన్‌పల్లి కేసులో అదే జరిగింది.

పోలీసులు ఈ మార్గదర్శకాల్లో ఏది పాటించకపోయినా ఆ ప్రాంతపు సెషన్స్ జడ్జికి ఫిర్యాదు ఇవ్వొచ్చు. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలుగులోనే రాయొచ్చు, ఫీజు లేదు, గడువు ఘటన జరిగిన నాటి నుంచి ఏడాది. అయితే ముందుగా రాష్ట్ర కమిషన్‌కు వేస్తే, అక్కడ నడుస్తున్నదాన్ని జాతీయ కమిషన్ తీసుకోదు. ఎక్కడ వేయాలో ముందే తేల్చుకోండి.